ఏనుగును కట్టేసిన చింతమాను

పాపమ్మకు కోపం వస్తే పెనుకొండ కోట గోడల్లోని పావురాలు లేచి గోరంట్లలో దిగుతాయి. ఆమె ఇంటి ముందర నిలబడి గట్టిగా ఒక్క తిట్టు తిడితే, అక్కడ ధర్మవరంలో మగ్గం మీదున్న పట్టుచీరకు అంచు వంకర పోతుంది. కొంచెం ఎక్కువ చెప్తున్నట్టుందా? అయితే మీరు పాపమ్మను చూడలేదన్నమాట. చూసినవాళ్ళు ఇది తక్కువే అంటారు.

మనిషి చూస్తే ఇంతే ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళు, బక్కపలచని ఒళ్ళు, చింతపండు పులుపుకు నల్లబడి పగిలిన వేళ్ళు. జనవరి నుంచి ఎండాకాలం దాకా పొద్దున్నే షేరాటో ఎక్కి హిందూపురం పోతుంది. మండీ వెనక రేకుల షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుని చింతకాయ పెంకు తీసి, నార లాగి, గింజ కొట్టి, పండు కుప్పేసి చీకటి పడకముందే తిరిగొస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఆ షెడ్డులో ఆమె పక్కన కూర్చోవడానికి ఆడవాళ్ళు పోటీ పడతారు. ఎందుకంటే పాపమ్మ పని చేస్తున్నంతసేపూ మేస్త్రీని తిడుతుంది. తిట్టు వింటుంటే చేతుల నొప్పి తెలియదు.

ఆ శుక్రవారం షెడ్డుకు సరుకు రాలేదని మధ్యాహ్నమే ఇంటిదారి పట్టింది. రోడ్డు దిగి చేని గట్టు మీద నడుస్తోంది. మార్చి నెల. కొండ వాలు మీద మోదుగలు ఆకంతా రాల్చేసి, సిగ్గుపడకుండా ఒళ్ళంతా ఎర్రగా పూసి నిలబడ్డాయి. వంక పక్కన కానుగ చెట్ల కింద ఎవరో బొరుగుల మూట విప్పి ఒలకబోసినట్టు పూలు. గట్టు పొడుగునా వెంపలి ఊదారంగులో, పల్లేరు పసుపు రంగులో. పల్లేరు పువ్వు చూడ్డానికి పసిబిడ్డ నవ్వు, కాలు పెడితే అత్త మాట. వేప పూత వాసనకు గాలి కూడా చేదెక్కింది.

పాపమ్మ ఇవేవీ చూడలేదు. ఆమె కళ్ళు గట్టు చివరనున్న చింతమాను మీదే ఉన్నాయి. నలుగురు మగవాళ్ళు చేతులు చాపి పట్టుకున్నా అందని మాను అది. కాయ దులిపేసి పదిహేను రోజులైంది. ఈ పాటికి లేత చిగురు తొడగాలి. చిగురు కోసుకుపోయి రాత్రికి పప్పులో వేద్దామని కొంగు కూడా దోపుకుంది.

దగ్గరికొచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. మాను చుట్టూ నడుము లోతున గుండ్రంగా కాలవ తవ్వి ఉంది. ఎర్రమట్టి కుప్పల మీద తొడల లావు వేర్లు తెగి పడి ఉన్నాయి, తెగిన చోట ఇంకా తడిగానే. జేసీబీ ఒకటి మాను నీడలోనే నిలబెట్టి, డ్రైవరు క్యారియరు విప్పుకుని అన్నం తింటున్నాడు.

"ఎవురప్పా నువ్వు? ఈడ ఏం తవ్వుతాండావు?"

"చెట్టు తీస్తాండామక్కా. రేపు పొద్దున క్రేను వస్తాది. వేర్లతోపాటే లేపి, ట్రైలరు మీద పండబెట్టి తీసకపోతారు."

"యాడికి?"

"బెంగళూరు మేడమ్ ఒకామె లేపాక్షి దావలో రిసార్టు కడతాంది. వాకిట్లో నాటుకుంటాదంట. ఊరికే చెట్టు కాదంట కదక్కా ఇది? ఆరునూర్ల ఏండ్లదంట. రాజులు ఏనుగును కట్టేసింది దీనికేనంట."

ఏనుగు అన్న మాట చెవిలో పడగానే పాపమ్మకు కథంతా తెలిసిపోయింది. ఆ ఏనుగును ఈ చేన్లోకి తోలుకొచ్చినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆమె మొగుడు దేవసహాయం.

దేవసహాయం సంగతి కూడా చెప్పాలి. ఆయన తుమ్మితే ఆ తుమ్ము మూడు రోజులు ఊళ్ళో తిరుగుతుంది. వెనక వంకలో ఎలుగుబంటితో కుస్తీ పట్టానంటాడు, ఎలుగుబంటే ఓడిపోయి దండం పెట్టిందంటాడు. రోడ్డు మీద టీ అంగడి ముందర బల్ల ఆయన సింహాసనం. ఫిబ్రవరిలో మోదుగ పూల ఫోటోలు తీసుకోవడానికి కార్లలో వచ్చేవాళ్ళు ఆ అంగడి దగ్గరే ఆగుతారు. అట్లా ఆగిన వనిత అనే బెంగళూరు మేడమ్‌ను దేవసహాయం చింతమాను దగ్గరికి పిలుచుకుపోయి, మాను నడుముకు చుట్టూ ఉన్న లోతైన గీతను చూపించాడు. "ఇదే మేడమ్, పట్టపుటేనుగు గొలుసు. తెల్లార్లూ గుంజితే పడిన మచ్చ." ఆమె దాన్ని ఫోనులో వీడియో తీసుకుంది. ఆ వీడియోను ఎంతమంది చూశారో దేవసహాయం చెప్పే లెక్క ఇక్కడ రాస్తే కాగితం చాలదు.

పాపమ్మ టీ అంగడికి పోయేసరికి ఆయన ఎవరికో అదే ఏనుగును మళ్ళీ కట్టేస్తున్నాడు. ఆయన చేతిలో గ్లాసు లాగి నేలకేసి కొట్టింది.

"నీ నాలిక తెగిపోను! యాడిదయ్యా ఏనుగు? నువ్వు యానాడన్నా చూసినావా ఏనుగును?"

"ఏమే, నలుగురిలో..."

"నలుగురికీ తెలియాల! బోరు వేసే లారీ వంకలో దిగబడితే గొలుసు ఆ మానుకు కట్టి లాగలేదా? నువ్వే కదయ్యా గొలుసు పట్టుకున్నేది? ఆపొద్దు నీ చెప్పు తెగిపోతే రెండు దినాలు దాని గురించే ఏడ్చినావు. ఏనుగంట! పో, పోయి చూడు, నీ ఏనుగు మానును తవ్వేసింది!"

దేవసహాయం పగిలిన గ్లాసు ముక్కలు దాటుకుని చేని దిక్కు పరిగెత్తాడు.

ఇంతకీ ఆ మాను ఎవరిది అంటే, చేను రామాంజనేయులుది, కాయ పాపమ్మ ఇంటివాళ్ళది. దేవసహాయం తాత బండ పగలగొట్టి ఆ చేన్లో బావి తవ్వాడు. తవ్వినందుకు రామాంజనేయులు తాత ఇచ్చిన మాట అది: "చెట్టున్నంత కాలం కాయ మీది." కాగితం లేదు, సంతకం లేదు. ఆ కాలంలో మాట అంటే సరిపోయేది. ప్రతి ఏడాదీ దులిపిన పండులో మొదటి గంప పాపమ్మ చర్చికి, కోత పండగ కానుకకు పోతుంది. రెండో గంప రామాంజనేయులు ఇంటికి పోతుంది. ఆ తర్వాతే పాపమ్మ ఇంటికి.

నల్లచెరువు దిక్కు నుంచి పద్దెనిమిదేళ్ళ పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు పాపమ్మకు చెట్టెక్కడం రాదు. దేవసహాయం ఒక ఏడు పైకొమ్మ మీద నిలబడి కిందివాళ్ళకు కథ చెప్తూ చెప్తూ జారి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాయ కొమ్మల మీదే ఎండిపోతోంది. ఆడది చెట్టెక్కితే కాయ పుచ్చిపోతుందని అత్త అరుస్తుంటే, పాపమ్మ చీర గోచీ పెట్టి ఎక్కేసింది. ఆ ఏడు దిగినంత కాయ అంతకుముందు ఏ ఏడూ దిగలేదు. అప్పటి నుంచి మాను మీద ఆమెదే రాజ్యం. ఏ కొమ్మ బరువు ఆపుతుంది, ఏ కొమ్మ మోసం చేస్తుంది, ఏ తొర్రలో రామచిలక గుడ్లు పెడుతుంది, అన్నీ ఆమెకు పాదాలతో తెలుసు.

టీ అంగడి నుంచి నేరుగా రామాంజనేయులు ఇంటికి పోయింది. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఎవరి మాటా వినడు.

"ఏమప్పా రామాంజినప్పా, మాను అమ్మేసినావంటనే?"

"రా పాపమ్మా, కూచ్చో. నేనే చెప్పి పంపిద్దామనుకున్నా."

"తవ్వినాంకనా చెప్పి పంపేది? మీ తాత మాటిచ్చినాడు."

"కాయ మీది అన్నాడు. మాను మీది అని అన్ల్యా కదా."

"మాను పోతే కాయ యాడ కాస్తాదప్పా? నీ నెత్తి మీదనా?"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. రామాంజనేయులు ఫోను కింద పెట్టాడు. "చూడు పాపమ్మా, ఈడ ఉంటే యాపొద్దో గాలికి పడిపోతాది. ఆడ నాటితే నీళ్ళు పోస్తారు, దీపాలు పెడతారు. చెట్టుకు మంచిదే."

"చెట్టుకు మంచిదా! నలభై ఏండ్లు మీ ఇంట్లో చారు కాగింది ఆ మాను పండుతోనప్పా. నీ పెండ్లిలో కాగింది, మీ నాయన దినాల్లో కాగింది. ఒక్కదినమన్నా దానికి చెంబుడు నీళ్ళు పోసినావా నువ్వు? ఇప్పుడు దానికేం మంచిదో నువ్వు చెప్తావా?"

"రేపు క్రేను వస్తాది. అంతే," అని ఆయన లేచి లోపలికి పోయాడు. తలుపు వేయలేదు. ఇక మాట్లాడేది లేదని చెప్పడానికి ఆయనకు తలుపు కూడా అక్కరలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మాను దగ్గర ఒక కారు, ఒక జీపు ఆగాయి. కారులోంచి వనిత దిగింది. మెత్తటి మనిషి, మెత్తటి మాట. తంగేడు పూలగుత్తి ఒకటి తెంపి జడలో పెట్టుకుంది. జీపులోంచి బాలాజి దిగాడు. హిందూపురం మనిషి, పెద్ద చెట్లను పెకలించి వేరే చోట నాటే కాంట్రాక్టు ఆయనది. రామాంజనేయులు ముందే వచ్చి ఉన్నాడు. పాపమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"చెప్పయ్యా! ఆ మేడమ్‌కు ఉన్నేదున్నట్టు చెప్పు."

దేవసహాయం తువ్వాలు భుజం మీంచి తీశాడు. గొంతు సవరించుకున్నాడు. నిజం చెప్పడం అలవాటు లేని మనిషికి నిజం ఎంత కష్టమో ఆ మొహం చూస్తే తెలిసేది.

"మేడమ్... ఏనుగు లేదు మేడమ్. ఆ మచ్చ బోరులారీ గొలుసుది. నేనే దగ్గరుండి కట్టినా. మాను వయసు ఎవురికీ తెలీదు. మా తాతకు కూడా తెలీదు."

వనిత నవ్వింది. "ఎష్టు చెన్నాగి, ఎంత బాగా మాట్లాడతారో మీరు! చెట్టు పోతుందని బాధ, అందుకే ఇట్లా అంటున్నారు. నాకు అర్థమవుతుంది అజ్జా. మీ వీడియో రిసార్టులో పెద్ద టీవీలో వేస్తాం."

"నిజం మేడమ్, దేవుని తోడు!"

"నీ ఏనుగు కథే బాగుండాది లేప్పా," అన్నాడు రామాంజనేయులు. "ఈ లారీ కథ ఎవురు నమ్ముతారు?"

పాపమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. నలభై ఏళ్ళు అబద్ధాలు నమ్మిన ఊరు, ఒక్క నిజం చెప్తే నవ్వుతోంది.

ఇంతలో బాలాజి కాలవలోకి దిగి మాను చుట్టూ తిరిగాడు. ఇనుముంటే కీచుమనే చిన్న మిషను ఒకటి బెరడుకు ఆనించి, చెవి పెట్టి విన్నాడు. తర్వాత పాపమ్మనే అడిగాడు, ఆమెకు తెలుస్తుందని ఎవరో చెప్పినట్టున్నారు.

"అక్కా, దీంట్లో యాడన్నా ఇనుము ఉండాదా? మొలలు, ముళ్ళకంచె తీగ, ఏమన్నా?"

"ఎందుకు?"

"ఇనుముంటే మేము ముట్టమక్కా. వేర్లు నరికినాంక చెట్టుకు తెగులు ఆ ఇనుము దిగిన దెబ్బల్లోంచే ఎక్కుతాది. కొమ్మలు కోసే మిషను పండ్లు ఊడిపోతాయి. బతుకుతాదని మేడమ్‌కు రాసియ్యలేము."

"నా మానుకు ఇనుమా?" అంది పాపమ్మ గర్వంగా. "నలభై ఏండ్లలో సంచి తగిలించేదానికి కూడా ఒక మొల కొట్టనీయలేదు నేను. శుద్ధంగా ఉండాది."

"అయితే బంగారం," అన్నాడు బాలాజి.

ఆ మాట నోట్లోంచి పోయిన మరుక్షణం పాపమ్మ ఆగిపోయింది. తన చేత్తోనే మానును సింగారించి కారెక్కించినట్టయింది. ఈ లోపల క్రేను పెనుకొండ దాటలేదని ఫోను వచ్చింది. రామాంజనేయులు అందరినీ టిఫినుకు ఇంటికి పిలుచుకుపోయాడు. జేసీబీ డ్రైవరు కూడా పోయాడు.

మాను దగ్గర మొగుడూ పెళ్ళామే మిగిలారు.

"లెయ్," అంది పాపమ్మ. "డేవిడ్ సెంట్రింగు సామాను మూట ఇంట్లో ఉండాది కదా. మొలల డబ్బా, పెద్ద సుత్తె తీసకరా. పరిగెత్తు."

"ఎందుకే?"

"పరిగెత్తయ్యా!"

వాళ్ళ కొడుకు డేవిడ్ హిందూపురంలో మిద్దెలకు సెంట్రింగు చెక్కలు కొడతాడు. నాలుగంగుళాల మొలలు, డబ్బా నిండా. దేవసహాయం అవి తెచ్చేసరికి పాపమ్మ గోచీ పెట్టి సిద్ధంగా ఉంది. మొదటి మొల బెరడుకు ఆనించింది. సుత్తె ఎత్తింది. ఎత్తిన చెయ్యి దిగలేదు.

"పాపా, వద్దులే," అన్నాడు దేవసహాయం.

"నోరుముయ్. నీ నోటి వల్లనే ఇదంతా."

కొట్టింది. తల కూడా బయటికి కనపడకుండా దిగ్గొట్టింది. మాను చుట్టూ, మోకాలెత్తున ఒక వరస, రొమ్మెత్తున ఒక వరస. ప్రతి దెబ్బకూ ఒక తిట్టు. ఒకటి రామాంజనేయులుకు, ఒకటి బెంగళూరుకు, రెండు మొగుడికి. ఆ దెబ్బలకు కొండ మీది మోదుగ పూలు కూడా రాలాయని తర్వాత దేవసహాయం చెప్పాడు కానీ దాన్ని వదిలేయండి. కింద అయ్యాక పైకెక్కింది. ఏ కొమ్మ దగ్గర కోసే మిషను పెడతారో ఆమెకు బాగా తెలుసు. ప్రతి కొమ్మ మొదట్లో మూడేసి. కింద నుంచి దేవసహాయం మొలలు అందిస్తున్నాడు. మొల దిగిన ప్రతి చోటా ఆమె బొటనవేలితో ఒకసారి తడిమి, వెంటనే చెయ్యి తీసేసుకుంటోంది, కాలినట్టు.

ఆ చప్పుడు మాను దగ్గరిదని ఆలస్యంగా తెలిసి, టిఫిను తింటున్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. రామాంజనేయులు జీవితంలో మొదటిసారి అరిచాడు.

"ఏయ్ పాపమ్మా! దిగు! ఏం చేస్తాండావు నా చెట్టును?"

"శుద్ధంగా ఉండాదని చెప్పినా కదా," అని పైనుంచే అరిచింది. "ఇప్పుడు లేదు. వచ్చి చూసుకోమను!"

బాలాజి మిషను ఆనించాడు. అది కీచుమంది. ఒక అడుగు పక్కకు జరిపాడు. మళ్ళీ కీచుమంది. చుట్టూ తిరిగొచ్చేసరికి ఆయన మొహంలో కోపం కాదు, ఏదో మర్యాద లాంటిది కనపడింది.

"పెరికేయొచ్చు కదా?" అంది వనిత.

"తలలే కనపడ్డం లేదు మేడమ్. పెరకాలంటే బెరడంతా తవ్వాల. బతకదు. నేను రాసియ్యను."

వనిత మానును కాసేపు చూసింది. జడలోంచి తంగేడు పూలు తీసి కాలవ గట్టు మీద పెట్టి, కారెక్కింది. అన్యాయంగా చెప్పకూడదు, ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. కానీ ఆ నీళ్ళు ఎవరి కోసమో ఆమెకే తెలియాలి.

"సరే," అన్నాడు రామాంజనేయులు, గొంతు మళ్ళీ తగ్గించి. "కట్టెల మిల్లుకు తోలేస్తా."

జీపెక్కబోతున్న బాలాజి నవ్వాడు. "ఏ మిల్లువాడు దీని మీద రంపం పెడతాడప్పా ఇప్పుడు? ఒక్క మొల తగిల్తే రంపం పట్టీ తెగి మనిషి మీదికి ఎగురుతాది."

కారూ జీపూ జేసీబీ పోయాక మాను కింద ముగ్గురే మిగిలారు. పాపమ్మ కిందికి దిగింది. అరచేతులు పగిలి రక్తం కారుతోంది. రామాంజనేయులు ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"ఇంక మా తాత మాట చెల్లిపోయింది. వచ్చే ఏడు నుంచి ఒక్క కాయ ముట్టినా బాగుండదు. నువ్వూ, నీ మొగుడూ, నీ కొడుకూ, ఎవురూ నా చేన్లో కాలు పెట్టద్దు."

దేవసహాయం ఏదో అనబోయాడు. పాపమ్మ ఆపింది.

"పెట్టనులే. రాలింది కూడా ఏరుకోను. నువ్వే దులుపుకో, నువ్వే కొట్టుకో, మీ చారులో నువ్వే వేసుకో. పాపమ్మ మీ కాయ కోసం చేసిందని రేపు ఎవురూ అనకూడదు. కానీ ఈ గుంత ఉండాదే, ఇది పూడ్చినాంకనే నేను పోయేది. కాదంటే పోలీసులను పిల్చుకో."

రామాంజనేయులు పిలవలేదు. వెనక్కి తిరిగి గట్టు మీద నడిచిపోయాడు.

ఎండ నెత్తి మీదికొచ్చింది. పార లేదు, గంప లేదు. పాపమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, పగిలిన చేతులతోనే ఎర్రమట్టి కాలవలోకి తోయడం మొదలుపెట్టింది. తెగిన వేర్ల మీద ముందుగా తడిమట్టి ఏరి పెడుతోంది. మొలలు కొట్టిన వైపు తల ఎత్తి చూడడం లేదు. చూస్తే చెయ్యి ఆడదని ఆమెకు తెలుసు. కోపం పోలేదు. ఇంకా ఎక్కువైంది. తిట్టడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

దేవసహాయం వంకలో ఉన్న మడుగు నుంచి డబ్బాతో నీళ్ళు మోసుకొచ్చి, కొత్తగా పడిన మట్టి మీద పోశాడు. మళ్ళీ పోయాడు. మళ్ళీ తెచ్చాడు. నాలుగోసారి వచ్చినప్పుడు మెల్లగా అడిగాడు.

"బతుకుతాదంటావా?"

"తెలీదు," అంది పాపమ్మ. "ఇంకా నీళ్ళు తీసకరా."